నొప్పి తగ్గిన జింక

ఆ గడ్డిమైదానంలో జింకల మందకు ఒక కట్టుబాటు ఉండేది. తోడేలు తరిమినప్పుడు అందరికంటే జోరుగా పరుగెత్తే జింక అందరికంటే వెనక ఉండి, తోడేలు ముఖానికి అడ్డంగా దూకి దాని దారి మళ్లించాలి. ఆ పని ఉరుము అనే జింకది.

ఒకనాడు అలా దూకినప్పుడు ఉరుముకి తొడ వెనక కండ పుటుక్కున తెగింది. ఎలాగో ముళ్లపొదలో దూరి ప్రాణం దక్కించుకుంది.

"నొప్పి పోయాక కూడా ఇంకో పున్నమి దాకా దూకకు నాయనా. నడవడం వేరు, దూకడం వేరు," అంది మేనత్త జింక.

పొద బయట మంద, ఉరుముకి బదులు ఇప్పుడు దూకుతున్న దాని తమ్ముణ్ణి మెచ్చుకుంటోంది. ఆ మెచ్చుకోళ్లు తొడకంటే ఎక్కువ సలిపాయి. పదోనాటికి నొప్పి పోయింది. ఏటిదాకా నడిచి చూసుకుంది, బాగానే ఉంది. ఆ సాయంత్రం తోడేలు రాగానే తమ్ముణ్ణి భుజంతో పక్కకు నెట్టి, తనే వెనక నిలబడి దూకింది.

పాతచోటే మళ్లీ తెగింది. ఈసారి పొద చాలా దూరంలో ఉంది.

తోడేలు తొందరపడలేదు. నడుచుకుంటూనే దగ్గరికొచ్చింది.

"పది రోజులూ రాత్రిపూట ఆ పొద చుట్టూ తిరిగావు కదా," అంది ఉరుము, రొప్పుతూ. "నొప్పితో పడి ఉన్నప్పుడే నన్నెందుకు పట్టుకోలేదు?"

"ఆ ముళ్లలోకి నేను రాలేను. నొప్పి ఉన్నన్నాళ్లూ నువ్వు బయటికి రావు," అంది తోడేలు. "అది తగ్గాలనే కాచుకున్నాను."