పావు క్యారెట్

“ఇది గనిలోంచి వచ్చింది కాదు కాకా,” అంది ఫాల్గుని, వజ్రంతోపాటు వచ్చిన పరీక్ష కాగితాన్ని దీపం కిందికి జరిపి. “చూడండి, ఇక్కడ రాసే ఉంది. ల్యాబ్‌లో తయారైంది.”

“తెలుసు,” అన్నాడు ధన్‌సుఖ్‌భాయ్.

తెలిసినవాడు మళ్ళీ చూపించుకోవడానికి ఎందుకొచ్చాడో ఆమెకు అర్థం కాలేదు. మధ్యాహ్నం వేళ. వరాఛా రోడ్డులో సగం దుకాణాలు భోజనాలకు మూసేశారు. ఈ వజ్రాల దుకాణం నడిపే మామగారు ఇంటికెళ్ళి కునుకు తీస్తున్నారు. ఫాల్గుని ఒక్కతే కూర్చుని ఉండగా ఈ పెద్దాయన వచ్చాడు. తెల్లచొక్కాకు మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు. జేబులోంచి చిన్న పొట్లం తీసి గాజుబల్ల మీద పెట్టాడు. చేతి సంచిని మాత్రం ఒళ్ళోంచి దించలేదు.

“మగ్గాలు నడిపినవాణ్ణి. వజ్రాల ఊరు సూరత్‌లోనే పుట్టాను గానీ వజ్రం ముట్టుకోవడం ఇదే మొదలు,” అన్నాడు. “తీసుకునే ముందు బయట ఎవరికైనా చూపించుకోండని చేసినవాళ్ళే చెప్పారు. ఈ కాగితం నాకు అంతుపట్టలేదు. ఒక్కో ముక్కా విడమరిచి చెప్పు బేటా.”

“ఇది బరువు. పావు క్యారెట్.”

“ఇంతేనా?”

“ఇంతే. పెద్దదనుకున్నారా?”

“ఏమో. ఎక్కువే వస్తుందనుకున్నాను.”

“ఇది రంగు. ‘డి’ అంటే నీళ్ళలా ఉంటుంది. అక్కణ్ణించి ‘జెడ్’ దాకా పసుపు పెరుగుతూ పోతుంది. మీది ఇదిగో, కిందికి దిగిపోయింది.”

“నల్లగా ఉంటుందనుకున్నాను,” అన్నాడాయన, రాయినే చూస్తూ.

ఫాల్గుని నవ్వేసింది. “నల్ల వజ్రం ఎవరిక్కావాలి కాకా?”

ఆయన నవ్వలేదు. ఆమె గబగబా తర్వాతి గడి మీదికి వేలు జరిపింది. “ఇది లోపలి మచ్చల సంగతి. బొమ్మ గీసి ఎక్కడెక్కడున్నాయో చుక్కలు పెట్టారు. మీరే చూడండి.”

భూతద్దం కంటికి ఎలా ఆనించాలో చూపించింది. ఆయన వంగినవాడు చాలాసేపు లేవలేదు.

“ఉంటే ఉండనీ,” అన్నాడు చివరికి. “ఎవరికి లేవు మచ్చలు.”

“రాయి అంచున సన్నగా నంబరు చెక్కి ఉంది, కనబడిందా? కాగితం మీది నంబరూ అదీ ఒకటేనో కాదో ముందు చూసుకోవాలి. ఒకటే. నేను సరిచూశాను.”

పెద్దాయన ముఖం ఒక్కసారిగా వెలిగింది. “అంటే ఇది అదేనన్నమాట!”

“అదే అంటే?”

“నాకోసం చేసింది.”

“అదెలా చెప్పగలం? ఈ కాగితం ఈ రాయిదే. అంతవరకే.”

“దేనితో చేశారో రాయరా?”

“రాయరు కాకా. తమ ముందుకొచ్చిన రాయిని చూసి ఉన్నది రాస్తారు. ఏ కార్ఖానాలో చేశారో, ఏ బొగ్గుతో చేశారో వాళ్ళకేం తెలుసు? పరీక్ష చేసినా తేలదు. కట్టె కాల్చిన బొగ్గయినా, మరేది కాల్చిన బొగ్గయినా, వజ్రమయ్యాక అంతా ఒకటే.”

“ఎవరూ చెప్పలేరా?”

“చేసినవాడొక్కడే. వాడి మాట నమ్మాలి, లేదా మానెయ్యాలి.”

ధన్‌సుఖ్‌భాయ్ భుజాలు జారిపోయాయి. ఇంత చిన్న విషయానికి ఇంత నీరసపడిపోవడమేమిటో ఫాల్గునికి తెలియలేదు. ఫ్లాస్కులోంచి చాయ్ పోసి ఇచ్చింది. ఆయన సంచిలోంచి మెత్తటి ఖమణ్ ముక్కల పొట్లం తీసి విప్పాడు.

“తిను బేటా. ఫర్సాన్ చిరుతిళ్ళ కొట్టువాడు ఇప్పటికీ ఇద్దరికి సరిపడా కట్టేస్తాడు. వద్దనడానికి నాకు నోరు రాదు.”

ఆమె ఒక ముక్క తీసుకుంది. తర్వాత అర లాగి, మరో రాయిని ఆయన రాయి పక్కనే పెట్టింది. “ఇదీ ల్యాబ్‌దే. తెల్లగా, శుభ్రంగా ఎలా ఉందో చూడండి. దీని పక్కన మీది పసుపు నీళ్ళలా లేదూ? ఆ బేరం వదిలెయ్యండి.”

మర్యాదకన్నట్టు దాన్ని ఒకసారి చూశాడు. “బావుంది. ఎవరైనా పడుచువాళ్ళకివ్వు.”

“ఇంతకీ మీది ఎవరికి?”

“నాకే. ఉంగరం చేయించుకుందామని.”

“అమ్మో, ఈ వయసులో షోకా! ఇంట్లోవాళ్ళు నవ్వరూ?”

“నవ్వడానికి ఎవరున్నారు బేటా.”

ఫాల్గుని నాలుక కరుచుకుంది. గొంతు తగ్గించి అంది. “పోనీ, ఇది వద్దని చెప్పి ఇంకోటి చెయ్యమనండి. చేసిస్తారు.”

“ఇంకోటి చెయ్యడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు.”

“డబ్బుకేముంది కాకా, వాయిదాల్లో ఇవ్వొచ్చు.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. రాయిని అరచేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో నెమ్మదిగా, మళ్ళీ మళ్ళీ నిమిరాడు. ఆ తర్వాత ఫోన్ తీసి ఎవరికో చేశాడు. “ధన్‌సుఖ్‌ని మాట్లాడుతున్నాను భాయ్. చూపించాను. ఆఁ, తీసుకుంటున్నాను. మీ మాటే నమ్ముతున్నాను.”

రాయిని పొట్లంలో పెట్టి, పొట్లాన్ని జేబులో పెట్టి, పైనుంచి చేత్తో అదిమి చూసుకున్నాడు. కాగితం బల్ల మీదే మరిచిపోయాడు. ఫాల్గునికి ఒళ్ళు మండింది. ఇంత వివరంగా చెప్పాక కూడా మోసపోతానంటే ఎవరేం చేస్తారు!

కాగితం పట్టుకుని తలుపు దాకా వెళ్ళి ఆయన చేతిలో పెట్టింది. “వాళ్ళ మాట అంత గుడ్డిగా నమ్మేశారే! ఇంతకీ దేనితో చేశామని చెప్పారేమిటి, బంగారపు బొగ్గుతోనా?”

ధన్‌సుఖ్‌భాయ్ గడప మీద ఆగాడు.

“మా ఆవిడ జడతో.”