ముంగిసకి మరో పేరు

"ముంగిస. ముంగిస తల్లి ఎవరమ్మా? ముందుకి రండి."

టీకాల హాల్లో తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె కూడా నవ్వబోయింది. నర్సు రిజిస్టరు మీద వేలు పెట్టి తల్లి పేరు, పుట్టిన తేదీ చదివేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. అది తన పేరు. ఆ తేదీ తన కొడుకుది.

పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఏం రాస్తే తమకి అదే వస్తుందని నర్సు చెప్పింది. తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్నారేమో అనుకుందట.

బయటికి రాగానే ఆమె భర్త వైపు తిరిగింది. "నువ్వు రాయించావా?"

"నేనెందుకు రాయిస్తాను? అప్పుడు నేను నీకు రక్తం కోసం తిరుగుతున్నాను. లోపల ఉన్నది మీ తమ్ముడే." ఏడుస్తున్న కొడుకు తొడ మీద సూది గుచ్చినచోట దూది అదుముతూ అతను మెల్లగా అన్నాడు. "పోనీలే, చిన్నవాడు, తెలియక రాయించి ఉంటాడు. మార్పించేద్దాం. ఆ పని నేను చూస్తాలే."

అతను రంగుల కొట్లో సేల్స్‌మన్. ఎంత విసిగించే బేరమొచ్చినా గొంతు పెంచడు. ఆమె అలా కాదు. యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్. యాభై పొరల గుడ్డని దొంతరగా పరిచి ఒక్క గీత మీద కోస్తుంది. గీత తప్పితే యాభై చొక్కాలూ పోయినట్టే. తప్పు చేసినవాళ్ళని పోనీలే అనడం ఆమెకి చేతకాదు.

బిడ్డ ఏడో నెలలోనే పుట్టాడు. ఆ తర్వాత ఆరు రోజులు ఆమెకి స్పృహ లేదు. ఆ ఆరు రోజులూ దగ్గరున్నది భర్తా, తమ్ముడూ ఇద్దరే. బిడ్డకి పెట్టాల్సిన పేరు పెళ్ళికి ముందే అనుకుంది, నాలుగు నెలలుగా అదే పేరుతో పిలుస్తోంది. తమ్ముడికీ ఆ సంగతి తెలుసు.

కబురందగానే తమ్ముడు బస్సు బాడీలు కట్టే షెడ్డు నుంచి నేరుగా వచ్చాడు. చొక్కా నిండా వెల్డింగ్ నిప్పురవ్వలు చేసిన చిల్లులు.

"ఎవరు రాయించారు?"

"నేనే అక్కా."

"ఎందుకు?"

"అప్పటికి నోటికొచ్చింది చెప్పాను."

ఆ మాటతో ఆమె ఒళ్ళు భగ్గుమంది. కుక్కపిల్లని తెచ్చుకున్నా నాలుగు పేర్లు అనుకుని ఒకటి పెడతారే, నా కొడుకు అంతకన్నా లోకువయ్యాడా అంది. రేపు బడిలో హాజరు పిలిస్తే క్లాసంతా నవ్వుతుంది, పెద్దయ్యాక ఉద్యోగానికి వెళ్తే అక్కడా నవ్వుతారు, నీకు కొడుకు పుడితే ఉడత అని పెట్టుకో అంది. అతను తలవంచుకుని అన్నీ విన్నాడు. మధ్యలో ఒక్కసారి బావ వైపు చూశాడు. బావ బిడ్డకి గుడ్డ మారుస్తున్నాడు.

రేపు రికార్డు రూముకి వెళ్ళి ఆ కాగితం తీయిస్తానని ఆమె అనగానే తమ్ముడు తలెత్తాడు.

"నన్నెన్నైనా అను. ఆ కాగితం జోలికి మాత్రం వెళ్ళకక్కా."

"వాడన్నదీ నిజమే" అన్నాడు భర్త. "నువ్వింకా పూర్తిగా కోలుకోలేదు. నేను వెళ్తాను."

"తప్పు చేసినవాడికి నువ్వు వత్తాసా?" అని భర్తని కసిరింది. తమ్ముడు వెళ్తూ మేనల్లుడి కోసం చెయ్యి చాపాడు. ఆమె బిడ్డని వెనక్కి లాక్కుంది.

"ముట్టుకోకు. నేను బతికుండగా మళ్ళీ ఈ గడప తొక్కకు."

అతను చాపిన చెయ్యి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు భర్త కొట్టుకి వెళ్ళగానే ఆమె బిడ్డని భుజాన వేసుకుని ఆసుపత్రికి వెళ్ళింది. రికార్డు రూములో ఉన్న పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని ఫైలు తీసింది. పేరు మార్చాలంటే తల్లి అసలు కాగితం మీదే సంతకం పెట్టాలని చెప్పింది.

"పెడతాను. ముందు మా తమ్ముడి తెలివి చూపించండి."

కాగితం మీద వెల్డింగ్ చేసే చేతి కొక్కిరిబిక్కిరి అక్షరాలు. పేరు: ముంగిస. సంబంధం: మేనమామ.

"ఈ అబ్బాయి నాకు గుర్తున్నాడమ్మా. ఫారం కోసం ఈ కిటికీ దగ్గరికే రొప్పుకుంటూ వచ్చాడు" అంది పెద్దావిడ. నెల తక్కువ బిడ్డల వార్డులో పేరు లేని బిడ్డని వెచ్చగా ఉంచే అద్దాల మిషన్‌లో పెట్టరట. ఒకసారి ఇద్దరు బిడ్డల మందులు తారుమారయ్యాయట, అప్పటినుంచీ అదే పద్ధతి. "పేరేమిటంటే బిక్కమొహం వేశాడు. మంచి పేరు మా అక్క పెట్టుకుంటుంది, ఇప్పటికి పాముతో పోట్లాడి గెలిచేదాని పేరు రాస్తాను అన్నాడు."

ఆమె చేతిలో కలం ఆగింది. అయినా కోపం దిగలేదు. ఈ ముక్క నిన్న నోరు విప్పి చెబితే వాడి సొమ్మేం పోయింది?

అప్పుడు కింద ఇంకో కాగితం కనిపించింది. అదే తేదీ. గంట ముందు టైము. పేరు రాయాల్సిన చోట ఖాళీ.

"ఇదేంటి?"

"దాంతో మీకు పనిలేదమ్మా." పెద్దావిడ ఫైలు మూయబోయింది.

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నా బిడ్డ ఫైలు ఇది."

పెద్దావిడ ఫైలు మీంచి చెయ్యి తీసింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "మిషన్ వద్దు, వైద్యం ఆపెయ్యండి అని రాసిచ్చే కాగితం. దీనికి పేరు అక్కర్లేదు. ఇది ఇచ్చాక కూడా బిడ్డ గంటసేపు ఊపిరి తీస్తూనే ఉన్నాడు. ఆ తర్వాతే ఆ రెండో కాగితం వచ్చింది."

కాగితం దాకా రావద్దని తమ్ముడు బతిమాలింది ఇందుకా? ముందు వద్దని రాసిచ్చి, భయపడి మళ్ళీ మనసు మార్చుకున్నాడా? నా బిడ్డ ప్రాణం తీయమనడానికి వాడెవడు?

"వాడేనా?" అంది పళ్ళు బిగించి. "ఇదీ వాడే రాశాడా?"

పెద్దావిడ కాగితాన్ని ఆమె వైపు తిప్పి, అడుగున సంతకం పక్కన ఉన్న 'సంబంధం' అన్న గడి మీద వేలు పెట్టింది.

ఆమె పైకే చదివింది.

"తండ్రి."