డెబ్బై మూడు కిలోలు

"డెబ్బై మూడు," అన్నాడు భర్త, బరువు చూసుకునే మిషన్ మీదికి వంగి.

"మళ్ళీ అదేనా!" భార్య ఒక్క ఉదుటున కిందికి దిగింది. "ఐదు నెలల నుంచి కడుపు మాడ్చుకుంటున్నాను. మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్ళు అరిగిపోయాయి. నా మీద ఏమైనా పగా దీనికి?"

భర్త గోడ కేలండర్లో ఆ రోజు గడిలో 73 అని వేశాడు. పై గడుల్లోనూ అదే అంకె.

ఆయన రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. నాదొకటి ఇస్తానని ఆవిడ ముందుకొచ్చింది. పరీక్షలన్నీ కలిశాయి. డాక్టరు ఒక్కటే మెలిక పెట్టాడు. ఆవిడ ఎనభై ఒకటి ఉంది, డెబ్బైకి దిగాలి. దిగిన రోజు ఫోన్ చేస్తే ఆపరేషన్‌కి తేదీ ఇస్తాడు. అందాకా ఆయనకి వారానికి మూడుసార్లు డయాలసిస్సే.

"ఇవాళ దీని సంగతి తేలాలి," అని ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసింది.

తమ్ముడు కాటాల మెకానిక్కు. లారీలు తూచే కాటా దగ్గర్నుంచి బంగారం తూచే త్రాసు దాకా వాడి చెయ్యి పడితే దారికి రావాల్సిందే. అరగంటలో ఇరవై కిలోల ఇనప తూకపురాయి భుజాన పెట్టుకుని దిగాడు.

"ఏం బావా, మిషన్‌కి కూడా నీ మొండితనం అంటించావా?"

"పాతబడిపోయిందిరా. పారేసి కొత్తది కొందాంలే. నీకెందుకు శ్రమ?"

"నేను ముట్టుకున్నాక కూడా అబద్ధమాడిన కాటా ఇంతవరకు పుట్టలేదు. నువ్వలా కూర్చో బావా. అక్కా, ఎప్పుడెక్కుతావు దీని మీద?"

"పొద్దున్నే, బాత్రూంకి వెళ్ళొచ్చి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా. రోజూ అదే నైటీ. గాజులు తీసేస్తా, గొలుసు తీసేస్తా, కళ్ళజోడు కూడా తీసేస్తా."

"కళ్ళజోడెంత బరువే తల్లీ!"

"ఎంతైతేనేం? నాకు అదీ ఎక్కువే."

"మరి అంకె ఎట్లా కనపడుతుంది నీకు?"

"మీ బావ చూసి చెబుతారు. నేను కళ్ళజోడు వెతుక్కునేలోపు ఆ లైటు ఆరిపోతుంది."

తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని మిషన్ కిందికి తొంగిచూశాడు. వెంటనే చిటికె వేశాడు.

"దొరికాడు దొంగ! మ్యాట్ మీద పెడతారా ఎవరైనా? మెత్తటి దాని మీద పెడితే కాటా నిజం చెప్పదక్కా. గట్టి నేల కావాలి, చదునుగా ఉండాలి, నాలుగు కాళ్ళూ ఆనాలి. ఎక్కిన మనిషి గోడ పట్టుకోకూడదు, కదలకూడదు."

"విన్నారా?" అంది ఆవిడ భర్తవైపు తిరిగి. "మ్యాట్ అట!"

"వింటున్నా," అన్నాడాయన.

తమ్ముడు మిషన్‌ని వంటగది గడప దగ్గర బండల మీదికి మార్చాడు. నాలుగు మూలలా వేలితో నొక్కి చూశాడు, ఊగలేదు. సున్నా చూపించాక తూకపురాయి ఎత్తి నెమ్మదిగా పెట్టాడు. ఇరవై. తీసి మళ్ళీ పెట్టాడు. ఇరవై. మూడోసారీ ఇరవయ్యే.

"ఇప్పుడెక్కు అక్కా. ఇంకా ఏమీ తినలేదుగా?"

"తినడమా? ఆ మాటే మర్చిపోయాను," అంటూ ఆవిడ కళ్ళజోడు తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. మిషన్ ఎక్కి, ఊపిరి బిగబట్టింది.

"ఊపిరి తీసుకోవే, దానికి బరువుండదు! ఆఁ... అరవై ఎనిమిది."

"ఎంతా?"

"దిగి మళ్ళీ ఎక్కు. అరవై ఎనిమిది. ఇంకోసారి. అరవై ఎనిమిది! దేవుడొచ్చి నించున్నా ఇంతకన్నా సరిగ్గా చెప్పదు."

ఆవిడ కళ్ళజోడు లాక్కుని పెట్టుకుంది. భర్త దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుని ఊపింది. "చూశారా? నేనన్నానా లేదా, దిగుతానని? ఇక మీ సూదులకి సెలవు." ఫోన్ తీసుకుని ముందుగదిలోకి పరిగెత్తింది. "హలో, డాక్టరుగారున్నారామ్మా? అవునమ్మా, అరవై ఎనిమిదే! ఈ వారంలోనే తేదీ ఇవ్వమనండి. నేనా? రాయిలా ఉన్నాను!"

తమ్ముడు తూకపురాయి ఎత్తబోయి ఆగాడు. వాడికి ఒక అలవాటుంది, ఏ తప్పు ఎంత తేడా తెచ్చిందో లెక్క చూసుకోందే పని వదలడు. బండల మీద తను ఎక్కాడు. అరవై నాలుగు. మిషన్ తీసుకెళ్ళి మళ్ళీ ఆ మ్యాట్ మీదే పెట్టి ఎక్కాడు. అరవై నాలుగు. దిగి, మళ్ళీ ఎక్కాడు. అంకె కదల్లేదు.

కేలండర్‌కేసి చూశాడు, వరసగా డెబ్బై మూళ్ళు. బావ కేసి చూశాడు. బావ తల పైకెత్తలేదు.

"బావా," అన్నాడు గొంతు తగ్గించి, "మ్యాట్ వల్ల ఏ తేడా రాలేదు. మిషన్‌లో ఏ దోషమూ లేదు."

"మీ అక్కకి చెప్పకురా," అన్నాడు బావ. "డెబ్బై మూడు కిందికి దిగిన రోజు నుంచీ తగ్గిందంతా నేనే కలిపి చెబుతున్నాను, దాని కిడ్నీ దాని దగ్గరే ఉండనీ అని."