వంద గీతల కాగితం

"అమ్మకాలు లేవని ప్రకటనలో వేశారు కదండీ?" అని అడిగింది ఆమె.

"లేవండీ" అన్నాడు మేనేజరు. "మనం అమ్మం. వాళ్లే కొంటారు."

ఆమెకు నలభై దాటి ఉండవు. ఒళ్లో ఉబ్బిపోయిన సర్టిఫికెట్ల ఫైలు, భుజాన గుడ్డసంచీ. మడమల దగ్గర అరిగిపోయిన చెప్పులు చూస్తే, ఉద్యోగం కోసం కాళ్లకు బలపం కట్టుకుని తిరుగుతోందని తెలిసిపోతోంది.

"జీతం ఎంతండీ?"

"ఇక్కడ జీతం అనమండీ. ఎదుగుదల అంటాం."

"ఆ ఎదుగుదల ఒకటో తారీఖున వస్తుందా?"

"ఆదాయానికి పరిమితే లేదండీ" అన్నాడు, శిక్షణలో నేర్పినట్టే. పైన పరిమితి లేదన్న మాట నిజమే. కింద కూడా లేదని నాలుగు నెలలుగా అతనికి తెలుసు.

ఆ ఆఫీసులో అందరూ మేనేజర్లే. అందరూ నీళ్ల ఫిల్టర్లు అమ్మేవాళ్లే. అమ్ముడుపోతే కమిషను. పోకపోతే మర్నాడు మీటింగులో నిలబెట్టి, ఉత్సాహం రావడానికి చప్పట్లు.

ఇతనూ అదే ప్రకటన చూసి వచ్చాడు. పరీక్ష అంటూ వంద గీతలున్న కాగితం చేతికిస్తే, చుట్టాల పేర్లూ నంబర్లూ పొంగిపోతూ రాశాడు. రాసిన వందమందికీ ఫిల్టరు అంటగట్టడమే ఉద్యోగమని పాసయ్యాక తెలిసింది. పిన్ని జాలిపడి ఒకటి కొని, మాట్లాడటం మానేసింది. బావ వీధిలో కనిపిస్తే ముఖం చాటేస్తున్నాడు. సొంత అక్క రెండు నెలలుగా ఫోను ఎత్తడం లేదు. అన్నిటికన్నా అదే ఎక్కువ బాధ.

ఇప్పుడు అతని కాగితంలో పిలవడానికి మనిషి మిగల్లేదు. ఈ సాయంత్రానికి కనీసం పదిమంది "రండి, చూపించండి" అనకపోతే రేపటి నుంచి ఆ కుర్చీ ఇంకొకరిదని డైరెక్టరు తేల్చి చెప్పేశాడు. ఇంట్లో భార్యేమో మా ఆయన మేనేజరని వీధంతా చెప్పుకుంటోంది.

అందుకే వంద గీతల కొత్త కాగితం ఒకటి ఆమె ముందుకు జరిపాడు.

"చిన్న పరీక్షండీ. మీ చుట్టాల పేరు, వరస, నంబరు. ఎన్ని రాస్తే అంత మంచిది."

మామూలుగా అందరూ ఇరవై దగ్గర ఆగి తల గోక్కుంటారు. ఆమె కాగితం వంక ఓ క్షణం చూసి, చిన్నగా నవ్వి, సంచీలోంచి నోటుపుస్తకం తీసింది. ఇక ఆగలేదు. పెదనాన్న, మేనమామ, వదిన, బాబాయి... వంద గీతలూ నిండాయి. కాగితం తిప్పి ఇంకో ఏడు రాసింది.

మేనేజరుకు ప్రాణం లేచొచ్చింది. "చాలా పెద్ద కుటుంబమండీ మీది!"

"ఈ రెండేళ్లలో బాగా పెరిగిందండీ."

"ఫోన్ చేస్తే ఎత్తుతారా?"

"మొదటి రింగుకే. నా పేరు చెప్పే పని కూడా ఉండదు. మనిషి ఎవరైనా సరే, కలుపుకుపోతారు."

వెళ్లేముందు ఆమె అతని కార్డు అడిగి తీసుకుంది. నంబరు నోటుపుస్తకంలో ఎక్కించుకుంటూ తల ఎత్తింది.

"మీరు నాకన్నా చిన్నవాళ్లే అయ్యుంటారు?"

"చిన్నవాణ్ణేనండీ."

"అయితే తమ్ముడు" అంటూ నంబరు పక్కన రాసుకుంది.

ఆ ఒక్క మాటకి మేనేజరు ఆమెను గుమ్మందాకా సాగనంపాడు. ఆమె మెట్లు దిగేదాకా అలాగే నిలబడి చూశాడు.

తర్వాత తలుపు వేసుకుని, దేవుడా అనుకుంటూ పెదనాన్న నంబరు నొక్కాడు. నిజంగానే మొదటి రింగుకి ఎత్తాడాయన.

"నమస్కారమండీ, మీకు తెలిసినావిడ మీ నంబరు ఇచ్చారు. ఒక్క అరగంట..."

"ఎవరిస్తేనేం, మీరు చేశారు, అదే సంతోషం. ఇలాంటివి ఫోన్లో ఎందుకు? రేపు పదింటికి వచ్చేయండి. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం."

అది మేనేజరు అనాల్సిన మాట. శిక్షణలో దాన్ని అతనిచేత యాభైసార్లు వల్లె వేయించారు. ఎదుటి మనిషి తనంతట తనే అనేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

వదిన ఇంకా మంచిది. "మీ గొంతు వింటేనే నమ్మకం కలుగుతోందండీ" అంది. మేనమామ ఫిల్టరు ఊసే ఎత్తనివ్వలేదు. ఎంతవరకు చదువుకున్నారు, ఇంట్లో ఎంతమంది, జీవితంలో ఏం సాధించాలనుకుంటున్నారు అని ఆప్యాయంగా అడిగాడు. నాలుగు నెలల్లో అతన్ని ఆ సంగతులు అడిగిన మనిషి లేడు. జవాబు చెబుతుంటే మేనేజరు కళ్లు తడి అయ్యాయి. ఇలాంటి చుట్టాలు తనకెందుకు లేరా అని ఆమె మీద కాస్త అసూయ కూడా కలిగింది.

సాయంత్రానికి పదకొండు పిలుపులు. డైరెక్టరు అందరినీ లేపి మరీ చప్పట్లు కొట్టించాడు. ఈసారి నిజం చప్పట్లు. కుర్చీ నిలబడింది.

"రేపు పెద్దవాళ్ల ఇంటికి వెళ్లాలి" అని భార్యతో చెప్పి, ఉన్నవాటిలో మంచి చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

పదికి ఐదు నిమిషాలుండగా, ఫిల్టరు భుజాన పెట్టుకుని రొప్పుతూ మూడో అంతస్తు ఎక్కాడు. గంట నొక్కకముందే తలుపు తెరుచుకుంది.

పెదనాన్న అతని రెండు చేతులూ పట్టుకుని లోపల కూర్చోబెట్టి, మేనేజరు ఉద్యోగానికి సరిగ్గా ఇలాంటి మనిషి కోసమే చూస్తున్నామంటూ, వంద గీతలున్న కాగితం ఒకటి అతని ముందుకు జరిపాడు.