తొట్టికి మేత

...రెండు బక్కెట్లు ఎక్కువ పోస్తే చాలు, దాని కడుపు పులిసిపోతుంది. పులిస్తే గ్యాస్ రాదు. గ్యాస్ రాకపోతే మేత అక్కర్లేదు. మేత అక్కర్లేకపోతే తనూ ఈ ఇంటికి అక్కర్లేదు, కొన్నాళ్ళైనా.

దేచమ్మ రోజూ ఆలోచనను ఇక్కడిదాకా తెచ్చేది. తెచ్చి, కొలత ప్రకారం ఒక్క బక్కెట్ కాఫీ పళ్ళ తొక్కు, మిగిలిన అన్నం పెరట్లోని బయోగ్యాస్ తొట్టిలో పోసి మూత పెట్టేది.

కొడగులో ఏటా వేసవిలో ఇంటిపేరుకో జట్టు కట్టి హాకీ పోటీలు ఆడతారు. దేచమ్మ పుట్టింటివాళ్ళ జట్టు ఈ వేసవి నాపోక్లు మైదానంలో ఆడుతోంది. గోల్ దగ్గర నిలబడేది ఎప్పుడూ దేచమ్మే. పెళ్ళయ్యాక మాత్రం ఒక్క ఏడూ వెళ్ళలేదు.

"నువ్వెళ్తే దీనికి మేత ఎవరు పెడతారు?" అంటాడు భర్త పూవయ్య. తోటకొచ్చిన ప్రతివాళ్ళకీ నీలిమంట చూపించి మురిసిపోతాడు.

అత్త బోజమ్మ నోరు ఇంకా పదును. "గోల్ ఆపుతుందట! పొంగే పాలే ఆపలేదు."

ఒకరోజు పొద్దున్నే దేచమ్మ తొట్టి దగ్గరుండగా బోజమ్మ వెనకగా వచ్చి నిలబడింది. "ఏమే, రెండు బక్కెట్లు ఎక్కువైతే ఏమవుతుంది?"

దేచమ్మ చేతిలో బక్కెట్ జారింది. మనసులో మాట ఈవిడకెలా తెలిసింది?

"చచ్చిపోతుంది అత్తయ్యా. నెలదాకా లేవదు."

"అయితే నిన్నో కంట కనిపెట్టాల్సిందే."

ఆ తర్వాత మంట పసుపుపచ్చగా వణకడం మొదలైంది. దేచమ్మ కొలత తప్పలేదు. మరి తను కోరుకున్నందుకే తొట్టి చస్తోందా? పొయ్యి వైపు చూడాలంటే భయమేసేది.

ఆటకు ముందురోజు పొద్దున పొయ్యి అసలు అంటుకోలేదు.

"ఏం పోశావు?" పూవయ్య అరిచాడు.

"కొలత ప్రకారమే..." తన గొంతు తనకే దొంగ గొంతులా వినిపించింది.

పెరట్లోంచి బోజమ్మ వచ్చింది. "బక్కెట్ కొలవడం రానిదాన్ని కూర్చోబెట్టి మేపుతావురా? తొట్టి కోలుకునేదాకా ఇక్కడ దీనికేం పని? పంపెయ్ పుట్టింటికి!"

అటక మీది హాకీ కర్ర లాగి, విసిరినట్టు కోడలి చేతిలో పెట్టింది. కర్ర మీద దుమ్ము లేదు.

"పోనీ, వెళ్ళనీ," అని పూవయ్య విసుక్కుంటూ సిలిండర్ కోసం ఫోన్ అందుకున్నాడు.

బయల్దేరేముందు పెద్దల కాళ్ళు మూడుసార్లు ముట్టుకుని మొక్కాలి. దేచమ్మ వంగింది. మూడోసారి ముట్టుకుంటూ, భర్త ఇటు తిరిగేలోపే, అత్త కాలివేళ్ళ మధ్య ఇంకా తడారని కాఫీ తొక్కును కొంగుతో తుడిచేసింది.