ఉల్లిపొర గుల్ల

ఖాళీ గుల్లల్లో తలదాచుకునే సన్యాసి పీత ఒకదానికి, ఒంటరిగా తీరం వెంబడి, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దాకా నడిచి వెళ్లాలని బుద్ధి పుట్టింది. ఇంకేముంది, ఉన్న గుల్ల ఒక్కసారిగా బండరాయిలా తోచింది. దొరికిన గుల్లనల్లా కొండితో ఎత్తి చూసి, "అబ్బే, బరువు" అని పారేసింది. చివరికి ఉల్లిపొరలాంటి గుల్ల చిక్కితే, దాని అంచు కూడా కొరికేసి అందులో దూరింది.

"వెనక మెత్తటి ఒళ్లంతా బయటే ఉందే" అంది పిన్ని పీత.

"గాలి ఆడుతుందిలే."

"మొన్న గద్ద నిన్ను ఎత్తలేక వదిలేసింది ఆ పాత గుల్ల బరువుకే కదే!"

"దూరం నడిచేవాళ్ల బాధలు నీకేం తెలుసు పిన్నీ? ఇల్లు మోస్తూ ఇసకలోనే ముసలైపోయావు!"

పిన్ని ఆ పాత గుల్లలోకి మారిపోయింది.

పీత "ఏటిమొగకు పోతున్నా" అని కూనిరాగం తీస్తూ బయల్దేరింది. నడక ఎంత హాయిగా ఉందో! అంతలో పైన నీడ పడింది. గద్ద దాన్ని అవలీలగా తన్నుకుపోతూ మనసారా మెచ్చుకుంది.

"శభాష్, దూదిపింజలా ఉన్నావు! ఏటిమొగకేగా? మా పిల్లలూ అక్కడే ఉన్నారు, నీకోసమే నోళ్లు తెరుచుకుని."