పక్క క్వార్టర్ పాటగాళ్ళు

“ఆ చెప్పులు విడువు. నువ్వు గా పాటల కాడికి పోవుడు లేదు,” అంది సారవ్వ, తలుపుకు అడ్డంగా నిలబడి.

రాయమల్లు వినిపించుకోలేదు. అంగీ గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని, భార్యను పక్కకు జరిపి బయటికి నడిచాడు. సాయంత్రం అయిదు కావస్తోంది. గనిలో నైట్ షిఫ్టు చేసే మనిషి ఆ వేళకు ఇంకా మంచం మీదే ఉండాలి. కానీ గ్రౌండులో మైకు సరిచూస్తున్న చప్పుడు క్వార్టర్ల దాకా రాగానే లేచి కూర్చున్నాడు.

పాడబోయేది ఎవరో అతనికి తెలుసు. వారం నుంచి గోదావరిఖని గోడలన్నిటి మీదా ఆ నలుగురి బొమ్మే.

ఇమ్మాన్యుయేల్‌ది పక్క క్వార్టరే. తండ్రి గని ఆఫీసులో గుమస్తా. ఇతను చర్చిలో గిటార్ నేర్చుకుని, దీప అనే అమ్మాయినీ మరో ఇద్దరినీ కూడగట్టి బ్యాండు పెట్టాడు. సినిమా పాటలు ముట్టుకోరు. వాళ్ళే రాసుకుంటారు, వాళ్ళే బాణీ కడతారు. రెండేళ్ళ పాటు రోజూ పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా ముందు గదిలోనే సాధన చేశారు. ఆ రెండేళ్ళూ రాయమల్లు ఇవతలి నుంచి గోడ గుద్దుతూనే ఉన్నాడు. తెలంగాణ కోసం చేసిన సకల జనుల సమ్మె ముగిసి డ్యూటీలు మొదలయ్యాక, ఇక లాభం లేదని క్వార్టర్ల ఆఫీసులో కంప్లైంటు రాసిచ్చాడు. నలుగురూ డ్రమ్ములు ఆటోకెక్కించుకుని ఊరవతలి రేకుల షెడ్డుకు వెళ్ళిపోయారు.

అది జరిగి నాలుగు నెలలు. పంతం నెగ్గినా రాయమల్లు కోపం మాత్రం దిగలేదు. కూరలో ఉప్పు లేదంటాడు. ఫ్యాను సరిగ్గా తిరగట్లేదంటాడు. మొన్న డ్యూటీలో పైఅధికారి ఓవర్‌మన్‌తో మాట పడి వచ్చాడు. ఎందుకని అడిగితే సారవ్వ మీద పళ్ళెం విసిరినంత పని చేశాడు. ఈ కోపమంతా ఇవాళ ఆ పిల్లల మీద తీర్చుకుంటాడని ఆమె భయం. కొంగు బిగించి వెనకే పరుగెత్తింది.

ఉద్యమ పాటల ధూంధాం అంటే కిక్కిరిసే గ్రౌండు సగమే నిండింది. రాయమల్లు నేరుగా ముందు వరుసకు వెళ్ళాడు. కుర్చీని ఈడ్చుకుని స్పీకరు డబ్బా పక్కన వేసుకున్నాడు.

“గంత ముంగట ఎందుకయ్యా? ఎనుక కూసుందాం రా.”

“నువ్వు ఊకో. నా పని నాకున్నది.”

సారవ్వ పక్కనే కూర్చుని అతని అంగీ కొస గట్టిగా పట్టుకుంది.

దీప మైకు ముందుకు వచ్చి, రాయమల్లును చూసి, మొదటి మాటే మరిచిపోయింది. ఇమ్మాన్యుయేల్ తీగలు సరిచేస్తున్నట్టు తల వంచుకుని ఆమెకు ధైర్యం చెప్పాడు. పాట మొదలైంది. రాయమల్లు చేతులు కట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. వాళ్ళ మొఖాలు కూడా చూడనంత పగ ఏమిటో సారవ్వకు అర్థం కాలేదు.

పాట అయిపోగానే జనం చప్పట్లు కొట్టారు. రాయమల్లు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

“ఏందా చప్పట్లు? ఊకోరాదుండ్రి.”

“నచ్చకుంటే ఇంటికి పో, పెద్దమనిషీ,” అన్నాడు వెనక వరుసలో ఒకాయన.

సారవ్వ ఆయనకు దండం పెట్టింది.

రెండో పాటకు ముందు ఇమ్మాన్యుయేల్ ఆ పాట ఎలా పుట్టిందో చెప్పబోయాడు. రాయమల్లు లేచి నిలబడ్డాడు. “ముచ్చట్లు ఆపి కానియ్యి.” జనం గొల్లున నవ్వారు. ఇమ్మాన్యుయేల్ మొఖం మాడిపోయింది. మూడో పాటలో డ్రమ్ముల మోత పెరిగితే, మెల్లగ, మెల్లగ అంటూ వాయించే పిల్లవాడి వైపు చెయ్యి ఊపాడు.

“నీకు పుణ్యముంటది, లే. ఇంటికి పోదాం. నలుగుర్ల ఇజ్జత్ తీస్తున్నవ్.”

“నువ్వు పో. అయిపోయేదాక నేను లేవ.”

అన్నట్టుగానే కదల్లేదు. ఏడింటికి ఆఖరి పాట ముగిసింది. బ్యాండు నలుగురికీ ఆ ఊళ్ళో అదే మొదటి కచేరీ. దగ్గరికి వచ్చి మెచ్చుకుంటున్న వాళ్ళను తోసుకుంటూ రాయమల్లు స్టేజీ మెట్ల దగ్గరికి వెళ్ళాడు. సారవ్వ ఆయాసపడుతూ చేరుకునేసరికి ఇమ్మాన్యుయేల్‌ను నిలదీస్తున్నాడు.

“ఇప్పుడు ఏడ నేర్చుకుంటున్రు?”

“ఊరవతల షెడ్ల, కాకా. గక్కడ ఇండ్లు లేవు. ఎవలకూ ఇబ్బంది లేదు.”

“గా షెడ్డు వద్దు. రేపటి సంది పాత జాగలనే కొట్టుండ్రి.”

“ఏం కిరికిరి పెడ్తున్నవయ్యా?” సారవ్వకు ఏడుపొచ్చినంత పనైంది. “వాళ్ళను రప్పిచ్చి మళ్ళ కంప్లైంటు రాస్తవా?”

దీప మెట్లు దిగి ముందుకు వచ్చింది. “ఎల్లగొట్టింది నువ్వే. మళ్ళ రమ్మనేది నువ్వే. గా డ్రమ్ములు మోసుకొని ఇంకెన్నిసార్లు తిరగాలె కాకా?”

రాయమల్లు ఆమె వైపు చూడలేదు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో ఇందాకటి పెళుసు లేదు.

“మొన్న రాత్రి హాలర్ కాడ నాకు కునుకు పట్టింది. బొగ్గు టబ్బులు లాగే మిషను అది. కింద ముగ్గురున్నరు. ఓవర్‌మన్ జూసి కేకేసిండు కాబట్టి బతికిన్రు.”

ఈ మాట సారవ్వకూ కొత్తే. అతని అంగీ కొస వదిలేసింది.

“గందుకే గద కాకా మేం పోయింది,” అన్నాడు ఇమ్మాన్యుయేల్ మెల్లగా. “పగటీలి నీ నిద్ర చెడగొట్టొద్దనే.”

రాయమల్లు తల అడ్డంగా ఊపాడు.

“మీరు పోయినకాడి నుంచే నాకు నిద్ర వస్తలేదు.”